కొత్త ప్లాంటు కంటే ముందు పొదుపు లెక్క చూపించండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
విద్యుత్ పంపిణీ సంస్థ.

విషయం: కొత్త విద్యుత్ కేంద్రం పేరుతో ఫిక్స్‌డ్ ఛార్జీ పెంచడం, విద్యుత్ పొదుపు పథకాన్ని మూలన పడేయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

ఈ నెల బిల్లుతో పాటు మీరు పంపిన కాగితం చదివాను. డిమాండ్ పెరుగుతోందనీ, కొత్త విద్యుత్ కేంద్రం కట్టక తప్పదనీ, అందుకోసం వచ్చే ఏడాది నుంచి ఫిక్స్‌డ్ ఛార్జీ పెంచుతామనీ రాశారు. అదే బిల్లు వెనకవైపు, పాత ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు మార్చుకునేవాళ్లకి సాయం చేస్తామన్న మీ పొదుపు పథకం చిన్న అక్షరాల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది. ఆ పథకం కోసం మూడు నెలలుగా మీ చుట్టూ తిరుగుతున్నాను.

మా ఫ్రిజ్‌కి పదహారేళ్లు. తలుపు రబ్బరు వదులైపోయింది. మధ్యలో కాగితం ముక్క పెట్టి తలుపు మూస్తే, అది నిలవకుండా జారి కింద పడిపోతుంది. చల్లదనం అలాగే బయటికి పోతోంది కాబట్టి కంప్రెసర్ ఆగదు. రాత్రి అందరూ పడుకున్నాక ఇంట్లో వినిపించేది ఆ మోత ఒక్కటే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మొదటిసారి ఫారం నింపమన్నారు, నింపాను. రెండోసారి ఫైలు పైకి వెళ్లిందన్నారు. మూడోసారి మాట్లాడినావిడ, "ఈ ఏడాది దానికి బడ్జెట్ లేదండీ, కొత్త ప్లాంటు వచ్చేస్తే కరెంటుకి కొరతే ఉండదు కదా" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, పైవాళ్లు చెప్పిందే చెప్పారు. ప్లాంటుకి దొరికిన డబ్బు పొదుపుకి ఎందుకు దొరకలేదన్నదే నా ఫిర్యాదు.

ఫ్యాన్లు మాత్రం సొంత ఖర్చుతో మార్చుకున్నాం. పాతది 75 వాట్లు లాగేది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్నది) ఫుల్ స్పీడులో కూడా 30 వాట్లు దాటడం లేదు, గాలి మాత్రం అంతే వస్తోంది. లక్ష ఇళ్లలో సాయంత్రం రెండేసి ఫ్యాన్లు తిరుగుతాయనుకున్నా, ఈ ఒక్క మార్పుతో 9 మెగావాట్ల లోడ్ తగ్గుతుంది. అదీ అందరూ ఒకేసారి స్విచ్చులు వేసి మీకు టెన్షన్ పెట్టే వేళలో. ప్లాంటులో పుట్టిన కరెంటు మా ఇంటికి చేరేలోపు లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత వేడిగా మారి పోతుందని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇంట్లోనే మిగిలిన యూనిట్‌కి ఆ నష్టం ఉండదు. దానికి ఇంధనమూ భూమీ అక్కర్లేదు, కొత్త లైనూ అక్కర్లేదు.

మీరు పెంచుతున్నది ఫిక్స్‌డ్ ఛార్జీ కావడం ఇంకా బాధగా ఉంది. వాడకం తగ్గించుకున్నా ఆ ఛార్జీ ఒక్క పైసా తగ్గదు. జాగ్రత్తగా వాడుకునే ఇంటికి అది శిక్షే.

అమెరికా వాయవ్య ప్రాంతంలో ఏం జరిగిందో మీ ఇంజనీర్లకు తెలిసే ఉంటుంది. డిమాండ్ ఏటేటా పెరిగిపోతుందన్న అంచనాలు నమ్ముకుని వాషింగ్టన్ పబ్లిక్ పవర్ సప్లై సిస్టమ్ అనే విద్యుత్ సంస్థ ఐదు అణు విద్యుత్ కేంద్రాలు తలకెత్తుకుంది. ఖర్చు చేయి దాటింది, అనుకున్నంత డిమాండ్ రాలేదు. ఐదింటిలో పూర్తయింది ఒక్కటే. రెండింటిని 1982లో రద్దు చేశారు. మరుసటి ఏడాది 225 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు తీర్చలేక ఆ సంస్థ చేతులెత్తేసింది. ఆ ప్రాంతం కోసం 1980లో చేసిన చట్టం, కరెంటు సమకూర్చుకునే వరుసలో పొదుపుకే మొదటి స్థానం ఇచ్చింది. వేరే దారి కంటే పొదుపుకి పది శాతం ఎక్కువ ఖర్చయినా సరే, దాన్నే ఎంచుకోవచ్చంది. కాలిఫోర్నియా 2003లో అలాంటి వరుసే పెట్టుకుంది. మసాచుసెట్స్ 2008 చట్టమైతే, కొనే కరెంటు కంటే చవగ్గా దొరికే పొదుపు ఎంతుంటే అంతా ముందు సమకూర్చుకోవాలని పంపిణీ సంస్థలనే ఆదేశించింది.

మీ ఇబ్బంది కూడా నాకు తెలుసు. యూనిట్లు ఎక్కువ అమ్మితే ఆదాయం, ప్లాంటు కడితే పెట్టుబడి మీద రాబడి, జనం చేత పొదుపు చేయిస్తే నష్టం. కానీ కాలిఫోర్నియా 1982లోనే అమ్మకాలకూ ఆదాయానికీ మధ్య ముడి తీసేసింది. అమ్మకాలు తగ్గినా సంస్థకు రావాల్సినంత వచ్చేలా రేట్లు సర్దుతారు. ఆ పద్ధతి కావాలని కరెంటు రేట్లు నిర్ణయించే నియంత్రణ మండలిని మీరే అడగండి. మాలాంటి వినియోగదారులం విచారణకు వచ్చి మీ వైపు మాట్లాడతాం, ఇది ఊరికే అంటున్న మాట కాదు. అలాగే కొత్త కేంద్రాలు అసలే వద్దని కూడా నేను అనడం లేదు. పాతబడిన ప్లాంట్లు మూతపడతాయి, కరెంటు సరిగా అందని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పొదుపుతో తీరని లోటు ఎంతో తేలాక, అంత మేరకే కట్టండి.

అందువల్ల ఛార్జీ పెంపు ప్రతిపాదన ఆపి, ఇళ్లలో, షాపుల్లో, ఫ్యాక్టరీల్లో ఎంత పొదుపు సాధ్యమో, యూనిట్‌కి దాని ఖర్చెంతో, కొత్త ప్లాంటు యూనిట్ ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి ప్రకటించాలని కోరుతున్నాను. పొదుపు పథకానికి బడ్జెట్ ఇచ్చి, పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులన్నీ తేల్చండి. నాది కూడా వాటిలో ఉంది. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వకపోతే ఇదే లేఖను నియంత్రణ మండలికి పంపుతాను.

నా దరఖాస్తు రసీదు, ఫోన్ చేసిన తేదీలు, ఫిర్యాదు నంబర్లు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ గృహ వినియోగదారు