సాగర్‌లో మా భోజనశాల: ఈ వానకాలం మార్పుల గురించి అతిథులకు

నాగార్జునసాగర్ హిల్ కాలనీలోని మా పాత లాడ్జికి భోజనానికి వచ్చే అతిథులందరికీ నమస్కారం. ఈ వానకాలం వంటలోనూ, జలాశయం వైపు వరండాలోనూ కొన్ని మార్పులు చేస్తున్నాము. ఇంత దూరం వచ్చాక తెలిసి నొచ్చుకోవడం కంటే, బయలుదేరక ముందే మీకు తెలియడం మంచిదని ఇది రాస్తున్నాము.

ముందుగా చేపల సంగతి. శ్రీశైలం నుంచి వరద దిగి, సాగర్ నీటిమట్టం పూర్తిస్థాయి 590 అడుగులకు చేరువైనప్పుడు గేట్లు ఎత్తుతారు. ఆ వార్త తెలియగానే హైదరాబాద్, మిర్యాలగూడ, దేవరకొండల నుంచి కుటుంబాలు తరలివస్తాయి, వచ్చినవారిలో చాలామంది సాగర్ చేపల పులుసే అడుగుతారు. అయితే వానకాలం చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి కొన్నాళ్లు వేట ఆగుతుంది, వరద ఉధృతంగా ఉన్నప్పుడు పడవలూ కదలవు. గిరాకీ ఎక్కువున్న రోజుల్లోనే జలాశయం చేప దొరకదన్నమాట. అటువంటప్పుడు చెరువుల్లో పెంచిన బొచ్చె, రవ్వ తెప్పించి వండుతాము, ఆ విషయం గుమ్మం దగ్గరి బోర్డు మీద రాస్తాము, ధర కూడా తగ్గిస్తాము. చెరువు చేపను సాగర్ చేప అని చెప్పి వడ్డించడం మాకు సమ్మతం కాదు. పులుసు చేసే తీరు మాత్రం మారదు: చింతపండు పులుసు మరిగి, చిక్కబడి, నూనె పైకి తేలాకే ముక్కలు వేస్తారు; ఆ తరువాత గరిటె పెట్టకుండా, గిన్నెను రెండు చేతులా పట్టి మెల్లగా కుదుపుతారు.

వరండాకు అద్దాలు బిగించి ఏసీ పెట్టమని కొందరు అడుగుతున్నారు. ఆ పని చేయకూడదని నిర్ణయించాము. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక, నిర్మాణ సిబ్బంది కోసం వెలసిన కాలనీ ఇది. మా భవనమూ ఆ కాలపుదే. మందపాటి రాతిగోడలు, ఎత్తైన కప్పు, నీటి మీదుగా వచ్చే గాలికి తెరిచి ఉంచిన వరండా కలిస్తేనే అది ఈ ఇల్లు అవుతుంది. సాయంత్రపు ఎండకు, జల్లుకు తడకలు కట్టిస్తున్నాము. వాన గట్టిగా పడితే బల్లలను లోపలి హాల్లోకి మారుస్తాము.

మరొక మాట స్పష్టంగా చెప్పాలి. వరండాలో కూర్చుంటే జలాశయమూ, దూరంగా నాగార్జునకొండ వైపు కొండలూ కనిపిస్తాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగినది ఆ నీటిలోనే. గేట్ల నుంచి దూకే నీళ్లు మాత్రం ఇక్కడి నుంచి కనిపించవు. వాటిని చూడాలనుకునేవారు ముందుగా ఆనకట్ట దిగువకు వెళ్లి చూసి, ఆ తరువాత భోజనానికి రావడం మేలు.

గేట్లు తెరిచి ఉన్న రోజుల్లో వరండా బల్లలు ఫోన్ మీద కేటాయించము. వచ్చిన వరుసలో టోకెన్లు ఇస్తాము, పెద్దవారికీ పసిపిల్లల తల్లులకూ ముందు చోటు చూపిస్తాము. జొన్నరొట్టెలు చేత్తో తట్టి అప్పటికప్పుడు కాల్చేవి కనుక, రద్దీలో అవి ఆలస్యమవుతాయి. తొందరగా వెళ్లవలసినవారు అన్నం, పప్పు, పచ్చిపులుసు అడిగితే వెంటనే వడ్డిస్తాము.