సెల్ఫ్ మార్చకు, ముందు ఎర్త్ చూడు

నల్గొండ,
ఆదివారం

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందంటే సంతోషం. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ బండి గురించే రాశావు కాబట్టి నేనూ నేరుగా అక్కడికే వస్తా.

కల్వకుర్తి ఇంట్లో బాపు నడిపిన మార్క్ 3 అంబాసిడర్ కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకోవడం మంచి మాట. 2014లో బెంగాల్‌లోని ఉత్తర్‌పరాలో తయారీ ఆగిపోయినా, ఆ బండి పనితనం తెలిసిన చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. కానీ తాళం తిప్పితే ఒక్కసారి "టక్" అని ఆగిపోతోందనీ, మెకానిక్ చూసి "సెల్ఫ్ పోయింది, కొత్తది వేయాలె" అన్నాడనీ (సెల్ఫ్ అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) రాశావే, అప్పుడే డబ్బులు తీయకు. ఇంతకీ ఆయన వోల్టు మీటరు పెట్టి చూశాడా, చెవితో విని చెప్పేశాడా?

ఆ టక్ మంచి కబురే. తాళం, దాని నుంచి వచ్చే సన్న వైరు, సోలెనాయిడ్‌లో (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి) కాయిల్, మూడూ పని చేస్తున్నాయని అర్థం. అసలు ఏ చప్పుడూ లేకపోతే అప్పుడు ఆ దారిలో వెతకాలి. షెడ్డులో వరిగడ్డి కూడా వేశారంటున్నావు, ఎలుకలు సన్న వైర్లను వదలవు. టకటకటక అని ఆగకుండా కొట్టుకుంటే దాదాపుగా బ్యాటరీ డౌనే. గిర్రున తిరిగే చప్పుడు వచ్చి ఇంజిన్ కదలకపోతే సెల్ఫ్ పళ్లను ఇంజిన్‌కు తగిలించే బెండిక్స్ ముందుకు రావట్లేదన్నమాట.

అయితే కరెంటు కంటే ముందు ఇంజిన్ బిగుసుకుపోలేదని తేల్చుకో. ఇన్నేళ్లు కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు పట్టేసి ఉండొచ్చు. బండిని న్యూట్రల్‌లో పెట్టు, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టు. ఆ స్టీరింగ్ గేర్ లివర్ అరిగిపోయి ఉంటుంది, న్యూట్రల్ అనిపించినా గేరులో ఉండొచ్చు, బండిని కొంచెం నెట్టి చూసి నమ్ము. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయ్. తెల్లారి ముందు బంపర్ రంధ్రంలో హ్యాండిల్ రాడ్ పెట్టి మెల్లగా తిప్పు. ప్లగ్గులు లేవు కాబట్టి తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే బలం పెట్టకు, ఇంకొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు ఓపిక పట్టు. ప్లగ్గులు బిగించాక ఎప్పుడైనా హ్యాండిల్ కొట్టాల్సి వస్తే బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచు, రాడ్‌ను చుట్టి పట్టుకోకు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది. పాత డ్రైవర్లు ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

ఇంజిన్ తిరిగిందనుకో, ఇక బ్యాటరీ. "లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా" అని రాశావు. హెడ్‌లైట్లు రెండూ కలిసి లాగేది పది ఆంపియర్ల లోపే. సెల్ఫ్ ఒక్కటే వంద దాటి లాగుతుంది. లైట్లు వెలిగినంత మాత్రాన సెల్ఫ్‌కు చాలదు. మీటరులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడే. అప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీనే అనుమానించు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్, బోరు నీళ్లు వద్దు. మా నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఊరందరికీ తెలుసు, మీ వైపు నీళ్లు మెరుగనుకున్నా లవణాలు లవణాలే, ప్లేట్లను తినేస్తాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచింది. బ్యాటరీ నుంచి బాడీకి ఒక ఎర్త్ కేబుల్ ఉంటుంది, కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారి అదే. కానీ ఇంజిన్ కూర్చున్నది రబ్బరు మౌంటింగుల మీద, అంటే బాడీకి దానికి మధ్య రబ్బరు. కరెంటు తిరిగి రావాలంటే ఇంజిన్‌కు, బాడీకి మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది. ఎవరూ చూడని చోట, నూనె మడ్డిలో. పానగల్ రోడ్డులో మా పక్కింటాయన పద్మిని కారు మీద ఇదే గొడవ. పట్టీ పైకి బాగానే కనిపించింది, చేత్తో వంచితే అల్లిక మధ్య నుంచి ఆకుపచ్చ పొడి రాలింది. బోల్టు కింద రంగు, తుప్పు. అంత కరెంటుకు అక్కడ దారెక్కడిది? ఇంకో గుర్తు చెబుతా. పట్టీ పాడైతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, చోక్ వైరు, యాక్సిలరేటర్ వైరు గుండా పోతుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ వైరు వేడెక్కిందంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

పరీక్ష కూడా సులువే. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీలో ఎర్త్ కేబుల్ ఉన్న టెర్మినల్ నుంచి నేరుగా ఇంజిన్ లోహానికి, రంగు లేని చోట బిగించు. మీ తమ్ముణ్ణి తాళం తిప్పమను. ఇంజిన్ తిరిగితే పట్టీ మార్చుకుంటే చాలు, సెల్ఫ్ జోలికి పోకు. మీటరుంటే ఒక కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, ఇంకోటి ఇంజిన్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడు. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలోనే తప్పుంది. ఈ పరీక్షలన్నింటికీ ముందు ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు నిప్పు ఇచ్చేది) దగ్గర సన్న వైరు తీసేయ్, బండి హఠాత్తుగా అందుకోకుండా.

టెర్మినళ్ల మీద తెల్లపొడి ఉంటే వంట సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించు.

ఇవన్నీ బాగున్నా టక్ అనే ఆగితే, సెల్ఫ్ పళ్లు ఇంజిన్ వెనక పెద్ద చక్రం, ఫ్లైవీల్, పళ్లలో ఇరుక్కుని ఉండొచ్చు. ఇగ్నిషన్ ఆపి, మూడో గేరు వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపు, విడిపోతుంది. సెల్ఫ్ మోటారు వెనక చిన్న మూతుండి, దాని కింద చదరపు కొన కనిపిస్తే పానా పెట్టి దాన్ని తిప్పినా సరే. అప్పటికీ కాకపోతే సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండాలి, లేదంటే మోటారులో కరెంటు అందించే కార్బన్లు (బ్రష్‌లు) గూడులో ఇరుక్కుని ఉండాలి. పానా పిడితో మోటారును మెల్లగా తట్టితే ఒక్కోసారి తిరుగుతుంది. తిరిగితే విప్పి కార్బన్లు మార్పించు, మోటారంతా మార్చే పని లేదు. బెండిక్స్‌కు గ్రీజు పూస్తామంటే ఒప్పుకోకు, దుమ్ము పట్టి మళ్లీ అతుక్కుంటుంది.

ఇంజిన్ తిరిగిన సంబరంలో సెల్ఫ్ ఆపకుండా కొట్టకు. పది సెకన్లకు మించొద్దు, మధ్యలో ఒక నిమిషం చల్లారనివ్వు. ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి, రేడియేటర్ నీళ్లు చూసి, బ్రేకులు పట్టుతున్నాయని తేల్చుకున్నాకే గేటు దాటు.

జంపర్ కేబుల్ పెట్టి చూడగానే ఫోన్ చెయ్, చోక్ వైరు వేడెక్కిందో లేదో కూడా చెప్పు. రాగి పట్టీ మీ దగ్గర దొరక్కపోతే బోల్టు నుంచి బోల్టుకు కొలత పంపు, ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో చేయించి, వచ్చే వారం బస్సులో ఒక సంచి బత్తాయిలతో పాటు పంపిస్తా.

నీ
దోస్తు