కొత్త బండి గేరు గట్టిగా పడుతోందా? ఇంజిన్ విప్పించకండి, ముందు క్లచ్ కేబుల్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఏ బండి ధర ఎంత తగ్గిందో పత్రికలు లెక్కలు వేసి మరీ రాశాయి. కొన్న బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలి, గేరు ఇబ్బంది పెడితే ముందు ఎక్కడ చూడాలి అన్న సంగతి మాత్రం అరుదుగా కనబడుతుంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా పూర్తిగా వేయమని మనవి.

100, 110, 125 సీసీ కొత్త బండ్ల మీద వినపడే ఫిర్యాదులు దాదాపు నాలుగే. గేరు గట్టిగా పడుతోంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకడం లేదు, రెండో గేరు వేస్తే మధ్యలో ఎక్కడో ఆగి ఇంజిన్ ఊరికే అరుస్తోంది, పికప్ లేదు. వీటిలో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ తప్పులు కావు. క్లచ్ కేబుల్, ఇంజిన్ ఆయిల్, గేరు రాడ్, చైను, మన ఎడమ పాదం: ఈ అయిదింటిలోనే కారణం దొరుకుతుంది. సరిచేయడానికి అరగంట పట్టదు. అది తెలియక కొందరు బండి మీదే విరక్తి పెంచుకుంటున్నారు, ఇంకొందరు వారంటీ ఉండగానే బయట ఇంజిన్ విప్పించి ఆ వారంటీని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

పొద్దున్నే మొదటి గేరు వేయగానే వచ్చే ‘టక్’ శబ్దం సంగతి మొదట చెప్పాలి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిల్ పొర వల్ల ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. క్లచ్ పట్టినా వెంటనే పూర్తిగా విడిపోవు. అంటే గేర్‌బాక్స్‌లో ఇంజిన్ వైపు షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, వెనక చక్రం వైపు షాఫ్ట్ మాత్రం నిలబడి ఉంటుంది. గేర్ల పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి కనుక అవి కొట్టుకోవు. గేరు పక్కన దిమ్మల్లా పొడుచుకొచ్చిన డాగులు పక్క గేరు గుంతల్లోకి దూరాలి, ఆ దూరడమే చప్పుడు చేస్తుంది. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లు చల్లగా ఉన్నప్పుడు రేజ్ ఇవ్వకపోయినా కావాలనే కాస్త ఎక్కువ స్పీడులో తిరుగుతాయి, కాబట్టి చప్పుడు ఇంకొంచెం పెద్దగా వినపడుతుంది. స్టార్ట్ చేసి అర నిమిషం, నిమిషం ఆగండి. ఇంజిన్ చప్పుడు దానంతటదే తగ్గాక క్లచ్ పూర్తిగా పట్టి రెండు మూడు సెకన్లు ఉంచి అప్పుడు గేరు వేయండి. ఇంకా తేలికైన పద్ధతి ఒకటుంది. ఇంజిన్ ఆపి ఉండగానే గేరులో పెట్టి, క్లచ్ పట్టి, బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెట్టండి. ప్లేట్లు విడిపోతాయి.

ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా గేరు మొరాయిస్తుంటే చూడాల్సింది క్లచ్ కేబుల్. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కొత్త కేబుల్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని కొద్దిగా సాగుతుంది. దాంతో లివర్ దగ్గర లూజు పెరుగుతుంది. లివర్‌ను హ్యాండిల్ దాకా లాగినా ప్లేట్లు పూర్తిగా విడిపోవు. ఇంజిన్ సగం పట్టుకునే ఉంటుంది కనుక గేరు గట్టిగా పడుతుంది, ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు నుంచి న్యూట్రల్‌లోకి రానే రాదు. ఎక్కువ బండ్లకు లివర్ చివర ఉండాల్సిన లూజు 10 నుంచి 20 మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం అనుకోవచ్చు. మీ బండి కొలత ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించండి. ఇంజిన్ ఆపి, హ్యాండిల్ తిన్నగా ఉంచి, లివర్ కొసను రెండు వేళ్లతో మెల్లగా లాగండి. బిగువు తగిలేదాకా ఎంత కదిలిందన్నదే లూజు. ఎక్కువుంటే ఇంజిన్ వైపు కేబుల్ చివరనున్న లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ తిప్పి, మళ్లీ నట్ బిగించాలి. చిన్న స్పానర్లు రెండు చాలు. తర్వాత హ్యాండిల్ ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి పూర్తిగా తిప్పి లూజు మళ్లీ చూడండి. తిప్పినప్పుడు మారుతోందంటే కేబుల్ హెడ్‌లైట్ వెనక ఎక్కడో నలిగి ఉంది, లేదా దారి తప్పి బిగించారు. కొత్త బండిలో ఇది షోరూమ్ వాళ్లు చేసి ఇవ్వాల్సిన పని.

లూజు అసలు లేకుండా బిగించడం ఇంకా పెద్ద ప్రమాదం. గేరు వెన్నలా పడుతోందని సంబరపడతాం గానీ, ప్లేట్లు పూర్తిగా అతుక్కోక జారుతుంటాయి. పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 35, 40 దగ్గర ఉన్నప్పుడు ఎక్సలేటర్ బాగా ఇవ్వండి. లేదా ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గమనించండి. ఇంజిన్ గొంతు పెరుగుతూ బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. పికప్ లేదు, మైలేజీ రావడం లేదు అన్న ఫిర్యాదుకు ఇదొక ముఖ్య కారణం. అలాగే నెల రోజులు నడిపితే ప్లేట్లు కాలిపోతాయి. క్లచ్ ప్లేట్లు తరిగే వస్తువులు కాబట్టి మామూలుగా వారంటీలోకి రావు.

మైలేజీ మాట వచ్చింది కనుక ఒక్క ముక్క. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండు వంతులే. దానివల్ల మైలేజీ కొద్ది శాతం తగ్గితే ఆ నెపం గేర్‌బాక్స్ మీద వేయకూడదు.

ఇక ఆయిల్. ఇంజిన్‌కూ, క్లచ్‌కూ, గేర్లకూ ఒక్కటే ఆయిల్ కావడం వల్ల ఇక్కడ పొరపాటు మూడింటికీ తగులుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అవి క్లచ్ ఆయిల్‌లో మునిగే బండ్లకు. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకు. కారు ఆయిల్ అస్సలు వద్దు. కారులో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కనుక ఆ ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి మన ప్లేట్లను జారేలా చేస్తాయి. రోజూ తిరిగే చాలా చిన్న బండ్లకు కంపెనీ చెప్పే గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, 10డబ్ల్యూ-30. మన ఎండలకు అది పల్చనైపోతుంది, 20డబ్ల్యూ-50 పోస్తే గేర్ల చప్పుడు తగ్గుతుంది అని సలహా ఇచ్చేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. చప్పుడు కొంత తగ్గినట్టు వినపడొచ్చు. కానీ చిక్కటి ఆయిల్‌లో ప్లేట్లు పొద్దున్నే ఇంకా గట్టిగా అతుక్కుంటాయి, ఇంజిన్ బరువుగా తిరుగుతుంది, పికప్ మందగిస్తుంది. మే నెల ఎండలో మా విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ నలిగే బండికి అదే గ్రేడు ఆయిల్‌ను కాస్త ముందుగా మార్చడమే సరైన మందు.

ఎంత పోయాలన్నది కూడా చూడాలి. ఆయిల్ మార్పుకు 100 సీసీ బండ్లలో చాలావాటికి 800 మిల్లీలీటర్లు చాలు. డబ్బా లీటరుది కదా అని మొత్తం వంపేస్తే క్లచ్ ఆయిల్‌ను చిలుకుతూ బరువెక్కుతుంది, మిగులు ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది. బండిని సమతలంలో మెయిన్ స్టాండ్ వేసి, కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. చాలా బండ్లలో దాన్ని మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. మొదటి సర్వీసు దాకా ఆగకుండా ఆయిల్ తగ్గిందేమో నెలకు రెండుసార్లు చూసుకుంటే మంచిది. మొదటి సర్వీసును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వేయకండి. కొత్త గేర్లు, పిస్టన్ రింగులు ఒరుసుకుని రాలిన సన్నటి లోహపు పొడి ఆ ఆయిల్‌తోనే బయటికి పోవాలి. మార్చాక గేరు ఎంత మెత్తబడుతుందో పాదానికే తెలుస్తుంది.

గేరు రాడ్ గురించి ఎవరూ పట్టించుకోరు. షోరూమ్‌లో అదనంగా బిగించిన లెగ్ గార్డో, ఫుట్‌రెస్టో మడమ వైపు రాడ్‌కు తగులుతుంటే గేరు పూర్తిగా పడదు. ఇంజిన్ ఆపి రాడ్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడించి ఎక్కడా తగలడం లేదని చూడండి. రాడ్ మరీ కిందికో పైకో ఉండి పాదానికి అందకపోతే, బోల్టు పూర్తిగా తీసి, రాడ్ లాగి, షాఫ్ట్ గాట్ల మీద ఒక్క పన్ను జరిపి మళ్లీ ఎక్కించవచ్చు. బోల్టు మాత్రం గట్టిగా బిగియాలి. వదులైతే రాడ్ లోపలి పళ్లు అరిగి రాడ్ ఉత్తినే ఊగుతుంది.

మన పాదం చేసే తప్పులూ ఉన్నాయి. హవాయి చెప్పుతో, కాలి బొటనవేలి కొసతో తట్టినట్టు నొక్కితే డాగు సగం దూరి ఆగుతుంది. అదే ఫాల్స్ న్యూట్రల్. ఎక్సలేటర్ పూర్తిగా మూసి, క్లచ్ పట్టి, రాడ్‌ను ఆగేదాకా ఒకే దెబ్బకు నొక్కి, పాదం తీసేసి, అప్పుడు క్లచ్ వదలాలి. పాదం తీయడం ఎందుకంటే, రాడ్ తన చోటికి పూర్తిగా తిరిగొస్తేనే లోపలి పంజా తర్వాతి పిన్నును పట్టుకోగలదు. పాదం దాని మీదే ఆనించి నడిపేవాళ్లకు తర్వాతి గేరు తప్పడమే కాదు, లోపల గేర్లను పక్కకు జరిపే ఫోర్కులు కూడా అరుగుతాయి. ఇంట్లో రెండు బండ్లుంటే ఇంకో జాగ్రత్త అవసరం. స్ప్లెండర్‌కు నాలుగు గేర్లూ ముందుకే నొక్కాలి. అయిదు గేర్ల 125 బండ్లలో చాలావాటికి ఒకటి కిందికి, నాలుగు పైకి. ఒకదాని అలవాటుతో రెండోది నడిపి 40 వేగంలో పై గేరు అనుకుని కింది గేరు వేస్తే వెనక చక్రం జారి పడే ప్రమాదం ఉంది.

నాలుగో గేరులోనే వచ్చి సిగ్నల్ దగ్గర ఆగిపోయి, అక్కడ న్యూట్రల్ కోసం రాడ్‌ను తొక్కేవాళ్లు చాలామంది. బండి నిలబడ్డాక డాగులకు ఎదురుగా గుంత లేకపోతే గేరు దిగదు. బండి కదులుతుండగానే ఒక్కొక్కటే దించుకుంటూ, ఆగబోయే ముందు న్యూట్రల్ చేసుకోవాలి. ఇరుక్కుంటే తొక్కకండి. క్లచ్ పట్టి బండిని ముందుకూ వెనక్కూ కాస్త ఊపితే దిగుతుంది. ఏలూరు రోడ్డులో నడక వేగంతో సాగాల్సి వస్తే మొదటి గేరులోనే క్లచ్ పూర్తిగా వదిలి నడపండి. రెండో గేరులో హాఫ్ క్లచ్‌తో ఈడ్చడం కొత్త ప్లేట్లకు చావుదెబ్బ. 100 సీసీ నాలుగు గేర్ల బండికి సుమారుగా 15 దగ్గర రెండో గేరు, 25, 30 మధ్య మూడోది, 40 దాటాక నాలుగోది సరిపోతుంది. టాప్‌లో 20 వేగంతో పోనిస్తే చైను గుంజుకుంటూ ఇంజిన్ దడదడలాడుతుంది, మైలేజీ పెరుగుతుందన్నది భ్రమే.

ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అటునుంచి అటే హైదరాబాదు హైవే ఎక్కి 70లో నడిపే ఉత్సాహం కూడా ఆపుకోవాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఫుల్ రేజ్ వద్దు, గంటల తరబడి ఒకే వేగమూ వద్దు. వేగం మారుతూ ఉండాలి.

చైను సంగతి రెండు మాటల్లో చెబుతాను. కింది వరుస మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు చాలా బండ్లకు సరిపోతుంది. చైన్ కేసుకున్న రబ్బరు మూత తీసి, చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, బిగువు ఎక్కువున్న చోట కొలవాలి. చప్పుడు చేస్తోందని మరీ బిగిస్తే, వెనక మనిషి ఎక్కగానే చైను ఇంకా బిగిసి గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ బేరింగును లాగుతుంది, గేరు గట్టిబడుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా బాగుపడకపోతే అది నిజమైన లోపమే, మొహమాటపడకండి. రేజ్ ఇవ్వగానే రెండో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వస్తోందంటే డాగుల అంచులు గుండ్రబడ్డాయి, లేదా ఫోర్కు వంగింది. నొక్కిన రాడ్ తిరిగి రావడం లేదంటే రిటర్న్ స్ప్రింగ్ పోయింది. ఒక్క గేరులోనే గుయ్యిమని మోత, తీసిన ఆయిల్‌లో కంటికి కనపడే లోహపు ముక్కలు, రాడ్ షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారడం, వీటిలో ఏదున్నా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. ‘కొత్త బండి కదా, నడపగా నడపగా అదే సర్దుకుంటుంది’ అంటే ఒప్పుకోకండి. ఏ గేరు, ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, మీటరు ఎంతలో ఉంది, అన్నీ జాబ్ కార్డులో రాయించి కాపీ తీసుకోండి. మెకానిక్‌ను వెనక కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపించండి.

షోరూమ్‌ల వారికి ఒక విన్నపం. డెలివరీ రోజు దండ వేసి ఫొటో తీసే అయిదు నిమిషాల్లోనే కొన్నవారిని బండి మీద కూర్చోబెట్టి, క్లచ్ లివర్ వారి చేతికీ, గేరు రాడ్ వారి పాదానికీ సరిపోయిందో లేదో చూడండి. మొదటి సర్వీసు జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని ఒక్క మాట రాసి వదలకుండా క్లచ్ లూజు ఎన్ని మిల్లీమీటర్లు, చైను ఎన్ని మిల్లీమీటర్లు, పోసిన ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని మిల్లీలీటర్లు అన్న నాలుగు అంకెలు వేయండి.

ఇట్లు,
ఒక టూ వీలర్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ