నా కారు కథ, మళ్లీ మొదటి నుంచి

హైదరాబాద్,
18 ఆగస్టు 2025.

కస్టమర్ కేర్ పెద్దలకు,

పేరు రాద్దామంటే మీ వాళ్లెవరూ చెప్పలేదు. ఎవరిని అడిగినా "పైవాళ్లు సార్" అన్నారు. కాబట్టి పైవాళ్లకు నమస్కారం.

విషయం: మీ దగ్గర కొన్న పాత హైబ్రిడ్ ఎస్‌యూవీ, దాని ఆర్‌సీ, నా ఓపిక.

ఐదు నెలల్లో మీరు నాకు 7 టికెట్ నంబర్లు ఇచ్చారు. ఫోనెత్తిన ప్రతివాళ్లూ "ప్రాబ్లమ్ మొదటి నుంచి చెప్పండి సార్" అన్నవాళ్లే. చెప్పీ చెప్పీ మా మనవరాలికి కూడా నోటికొచ్చేసింది. మొన్న నేను హోల్డ్‌లో ఉంటే పక్కన కూర్చుని "నమస్తే అండీ, మార్చి 22న మేము..." అని నాకంటే ముందే అందుకుంది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ప్రింటు తీసి మీ ఆఫీసు గోడకు అంటించుకోండి, ఇంకెవరూ అడగక్కర్లేదు.

మార్చి 22, శనివారం. ఉగాదికి ఇంట్లో బండి ఉండాలని నాగోలు నుంచి ఐదుగురం మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, కూకట్‌పల్లిలో మీ షోరూంకి వచ్చాం. 2022 మోడల్, 13 లక్షల 40 వేలు. ఆ రోజు మీ మర్యాద చూసి కళ్లు చెమర్చాయంటే నమ్మండి. బానెట్‌కి ఎర్ర రిబ్బను, కేకు, ఫొటో. కొబ్బరికాయ మీరే తెచ్చారు, నాలుగు నిమ్మకాయలు మీరే పెట్టారు. మూడు నలిగాయి. నాలుగోది చక్రం కింద పడకుండా పక్కకి దొర్లి, మీ రిసెప్షన్ బల్ల కిందికి పోయింది. మా ఆవిడ అప్పుడే నా మొహం చూసింది. నేను పట్టించుకోలేదు.

మీ సేల్స్ కుర్రాడు కొనేదాకా రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. "అంకుల్ టిఫినైందా?" అని కూడా అడిగేవాడు. "ఆర్‌సీ 45 రోజుల్లో మీ ఇంటికొస్తది అంకుల్, టెన్షనే లేదు" అన్నాడు. డబ్బు మీ ఖాతాలో పడిన మర్నాటి నుంచి ఆ అబ్బాయి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తడమే లేదు. నా టిఫిన్ సంగతి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఏప్రిల్‌లో బండి పూజకని యాదగిరిగుట్ట బయల్దేరాం. బీబీనగర్ దాటాక వెనక సీటు దగ్గర బుస్సుమని ఫ్యాను మోత, ఎదురుగా డాష్‌బోర్డు మీద హెచ్చరిక. తర్వాత సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే అక్కడి మెకానిక్ కుర్రాడు వెనక సీటు పక్కనున్న గాలి జాలీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. అరచేతి మందాన కుక్క బొచ్చు, చాప నేసినట్టు. హైబ్రిడ్ బ్యాటరీ చల్లబడడానికి కారు లోపలి గాలినే ఆ జాలీలోంచి లాగుతుందట, అది మూసుకుపోతే ఫ్యాను ఆయాసపడుతుందట. శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చి, 1,900 బిల్లు వేశాడు. బండి ఇప్పుడు బంగారంలా ఉంది. మీ 200 అంశాల తనిఖీలో ఆ జాలీ 201వది కాబోలు. సరే, దాని గురించి కాదు ఈ ఉత్తరం.

మేం గుట్ట నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం నాకో ఫోన్. ఎవరో పెద్దమనిషి, చాలా మెత్తగా, "సార్, మీరు ఇవాళ గూడూరు టోల్‌గేట్ దాటారా?" అన్నారు. ఆయన మా బండి పాత యజమాని. అద్దం మీద ఆయన ఫాస్టాగ్ అలాగే ఉంది, డబ్బులు ఆయనకు కట్ అవుతున్నాయి. అది తీసి కొత్తది వేసే ఇచ్చాం అని మీరు నాకు చెప్పారు, ట్యాగ్ మూయించేశాం అని ఆయనకూ చెప్పారు. నేను సిగ్గుతో చచ్చి అప్పటికప్పుడే యూపీఐలో పంపాను. మే నెలలో నేను సిగ్నల్ దగ్గర గీత దాటితే చలానా కూడా ఆయన ఫోన్‌కే వెళ్లింది. ఇప్పుడు మేం వారానికోసారి మాట్లాడుకుంటున్నాం. వాళ్లబ్బాయి పెళ్లికి పిలిచారు కూడా. మీ పుణ్యాన ఒక చుట్టరికం కుదిరింది, అందుకు మాత్రం కృతజ్ఞుణ్ణి.

ఇక ఆర్‌సీ. 45 రోజులయ్యాక మీ కస్టమర్ కేర్‌కు చేశాను. మొదటి అమ్మాయి "పాత ఓనర్ బ్యాంకు ఎన్‌ఓసీ రాలేదు సార్" అంది, అంటే లోను బాకీ లేదన్న పత్రం. ఆయన్ని అడిగితే లోను ఎప్పుడో తీర్చాననీ, ఎన్‌ఓసీ ఫిబ్రవరిలోనే మీ చేతికిచ్చి రసీదు తీసుకున్నాననీ ఫొటో పంపారు. ఆ ఫొటో మీకు పంపాను. రెండో అబ్బాయి "ఫారం 29లో సంతకం మ్యాచ్ కావట్లేదు" అన్నాడు, బండి అమ్మానని పాత యజమాని సంతకం పెట్టే కాగితం అది. ఆయన్ని మళ్లీ సంతకం అడిగారా అంటే లేదు. అడగడానికి ఇంకో టీమ్ ఉందట. మూడో ఆయన హిందీలో మొదలుపెట్టి, నేను తెలుగు అనగానే లైను బదిలీ చేస్తే, అరగంట పిల్లనగ్రోవి వినిపించి కట్ అయింది. ఆ ముక్క ఇప్పుడు నేను ఈల వేయగలను. నాలుగో టికెట్ నాకు చెప్పకుండానే "పరిష్కరించబడింది" అయిపోయింది. ఎవరికి పరిష్కారమైందో తెలిస్తే వెళ్లి అభినందించేవాణ్ణి.

ఐదోసారి దొరికిన అమ్మాయి ఒక్కతే నిజం చెప్పింది. "సార్, నా దగ్గర రాసుకునే డబ్బా ఒకటే ఉంది. అది ఎవరు చదువుతారో నాకూ తెలీదు." ఆ పిల్ల మీద దయచేసి చర్య తీసుకోకండి. మీ కంపెనీలో నాకు జవాబిచ్చింది ఆమె ఒక్కతే.

జూలైలో నేరుగా షోరూంకే వచ్చాను. టోకెన్ 14. మంచినీళ్ల సీసా ఇచ్చారు, కాఫీ ఇచ్చారు. మేనేజర్‌గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. మీటింగ్ గది గాజుదని మీ సిబ్బంది మర్చిపోయినట్టున్నారు. ఆయనా ఇంకొకాయనా పొట్లంలోంచి మిర్చి బజ్జీలు తింటున్నారు, ఉల్లిపాయ ముక్కలు ఏరుకుని మరీ. గంటన్నరకు బయటికొచ్చి చెయ్యి తుడుచుకుంటూ, "చెప్పండి సార్, మొదటి నుంచి" అన్నారు.

మేం ఊరికే వచ్చిపోయే గిరాకీ కాదు. 2021లో మా పాత కారు మీకే అమ్మాం. మా బావమరిది మీ దగ్గరే కొన్నాడు, మా చెల్లెలి అల్లుడూ మీ దగ్గరే. కాలనీలో నలుగురు అడిగితే "కళ్లు మూసుకుని అక్కడికి వెళ్లండి" అని చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ నలుగురూ పొద్దున పార్కులో నన్ను చూసి "ఆర్‌సీ వచ్చిందా?" అని పలకరిస్తున్నారు.

హోల్డ్‌లో ఖాళీగా ఎందుకని కాస్త చదువుకున్నాను. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. నా 30 రోజులు ఎప్పుడో పోయాయి, మీ మాట నమ్మి. పాత బండ్ల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి, అవి మీకు నాకంటే బాగా తెలుసు. రేపు ఎవరైనా వచ్చి గుద్దితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎవరి పేరున వేయాలి? ఆ పెద్దమనిషి పేరునా? ఈ ప్రశ్న మీ వాట్సాప్ చాట్‌కి కూడా పెట్టాను. "కొనాలంటే 1, అమ్మాలంటే 2, ఇతరాలకు 3" అంది. 3 నొక్కితే మళ్లీ 1, 2, 3.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, నా బండి విలువకు ఫీజు 400 రూపాయలేనట, మీ కేకు ఖరీదంత కూడా ఉండదు. ఆర్టీఏ ఆఫీసుకూ రాస్తాను. మా మేనల్లుడికి యూట్యూబ్ ఛానెల్ ఉంది, వాడు నెల నుంచీ కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేనే వద్దంటున్నాను. ఎన్నాళ్లంటానో చెప్పలేను. వచ్చే ఆదివారం మీ షోరూం ముందు అదే ఎర్ర రిబ్బను మెడలో వేసుకుని కూర్చుంటాను, అదింకా మా డిక్కీలోనే ఉంది.

1,900 ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. ఆర్‌సీ మాత్రం నా పేరు మీదికి రావాలి. దానికి ముందు ఎవరో ఒకరు, పేరున్న మనిషి, ఈ ఉత్తరం చివరిదాకా చదివి నాకు ఫోన్ చేయాలి. "మొదటి నుంచి చెప్పండి" అంటే పెట్టేస్తాను.

ఇట్లు,
టోకెన్ 14,
నాగోలు.

తా.క.: వెనక సీటు కింద పళ్ల గాట్లు పడిన పచ్చ రబ్బరు బంతి ఒకటి దొరికింది. పాత యజమానికి చెబితే, వాళ్ల లాబ్రడార్ కుక్క ఇప్పటికీ దానికోసం సోఫా కింద వెతుకుతోందన్నారు. మీ ద్వారా పంపితే ఎక్కడ తేలుతుందో తెలీదు కాబట్టి ఆదివారం నేనే తీసుకెళ్లి ఇచ్చొస్తున్నాను. మీ షోరూం ముందు కూర్చునేది అక్కడినుంచి తిరిగొచ్చాకే. కాస్త ఆలస్యమైతే ఏమనుకోకండి, హోల్డ్‌లో ఉండండి.