స్కానింగ్‌లో పోయిన అక్షరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు

సంపాదకుల వారికి,

గ్రంథాలయాల్లోని పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించడం మంచి పనే. కానీ ఆ బొమ్మల్లోంచి అక్షరాలు రాబట్టే ఓసీఆర్ పరిశోధకుల చేతికి వచ్చేసరికే చాలా పేజీల్లో అక్షరం సగం పోయి ఉంటోంది.

తెలుగు అచ్చును యంత్రంతో చదివించే ప్రయత్నం నిన్నటిది కాదు. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే దీనిపై పరిశోధనపత్రం ప్రచురించారు. 2001లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం ఒక తెలుగు ఓసీఆర్ పద్ధతిని వివరించింది. గుణింతాలూ ఒత్తులూ కలిపితే అక్షర రూపాలు వేలల్లో తేలతాయి. అందుకని వాళ్లు అక్షరాన్ని విడివిడి ఇంకు ముక్కలుగా తీసుకుని, ముక్కను గుర్తించే దారి పట్టారు. తెలుగు లిపి స్వభావం తెలిసినవాళ్లకే తట్టే ఆలోచన అది. అయితే ముక్క విరిగినా, పక్కదానికి అంటుకున్నా లెక్క తప్పుతుంది. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్క్‌లు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములు) వరుసనంతా ఒకేసారి చదువుతాయి కనుక కొంత తట్టుకుంటాయి. కానీ కనపడనిచోట నమ్మదగ్గ మాటేదో ఊహించి పెట్టేస్తాయి. ఆ తప్పును పట్టుకోవడం మరీ కష్టం.

ముక్కలు విరగడానికి మొదటి కారణం, స్కానర్‌ను ‘బ్లాక్ అండ్ వైట్’లో పెట్టి నడపడం. 1979లో ఓట్సు అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతిలాంటివి ముదురుతనానికి పేజీ మొత్తం మీద ఒకే హద్దు గీటు పెట్టి, దానికంటే ముదురుగా ఉన్నదంతా ఇంకు అనుకుంటాయి. పసుపెక్కిన కాగితం మీద, బైండింగ్ పక్క నీడలో ఆ గీటు పనిచేయదు. నీడ ఉన్నచోట అక్షరాలు ముద్దవుతాయి, వెలుగున్నచోట సన్నగీతలు మాయమవుతాయి. సున్న ఒకవైపు విరిగితే అరసున్న అయిపోతుంది. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటల్లో తేడా అంతా అడుగునున్న చిన్న గీతే. 10 పాయింట్ల అచ్చును 150 డీపీఐలో (అంగుళానికి 150 చుక్కల చొప్పున) తీస్తే ఆ గీత మందం ఒకటి రెండు పిక్సెళ్లకు, అంటే చుక్కలకు, మించదు.

నలుపు-తెలుపుల మధ్య ఛాయలు కూడా నిలిచే గ్రేలో తీసి ఉంచితే సౌవోలా అనే పరిశోధకుడి పద్ధతి వాడుకోవచ్చు. అది ప్రతి పిక్సెల్ చుట్టూ చిన్న కిటికీలో సగటునూ, వెలుగు హెచ్చుతగ్గులనూ చూసి గీటును అక్కడికక్కడ మారుస్తుంది. గ్రే నుంచి నలుపు-తెలుపు ఎప్పుడైనా చేసుకోవచ్చు. నలుపు-తెలుపు నుంచి గ్రే మాత్రం రాదు.

రెండో ప్రమాదం పీడీఎఫ్‌ను కుదించడం. నలుపు-తెలుపు బొమ్మలను కుదించే జేబిగ్2 పద్ధతిలో నష్టంతో (కొన్ని వివరాలు వదిలేసి) కుదించే రకం ఒకేలా ఉన్న ముక్కలను ఒకే బొమ్మతో మార్చేస్తుంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ పరిశోధకుడు జెరాక్స్ కంపెనీ యంత్రాల స్కాన్‌లలో 6లు 8లుగా మారడాన్ని బయటపెట్టాడు. ఆ మార్పు జరిగింది ఇలాంటి కుదింపు వల్లే. అంకెలకే ఆ గతి పడితే ద-ధల సంగతి చెప్పాలా?

పేజీ వంకరనూ తేలిగ్గా తీసుకోకూడదు. 10 సెం.మీ. వరుస ఒక్క డిగ్రీ వాలితే ఆ చివరకు 1.7 మి.మీ. దిగుతుంది. మన లిపిలో వరుసల మధ్య ఖాళీని ఒత్తులే ఆక్రమిస్తాయి కాబట్టి, ఒత్తు కింది వరుసలో కలిసిపోవడానికి ఆ కాస్త చాలు.

డిస్కు చాలదనే వాదన నిలవదు. 14 × 21.5 సెం.మీ. పేజీని 400 డీపీఐ గ్రేలో తీస్తే, ఏ కుదింపూ లేకుండానే సుమారు 7.5 ఎంబీ. 300 పేజీల పుస్తకం 2.2 జీబీ, ఒక టెరాబైట్ డిస్కులో 400కు పైగా పుస్తకాలు పడతాయి.

ఓసీఆర్‌కు ‘98 శాతం కచ్చితత్వం’ అన్న ప్రకటనలనూ జాగ్రత్తగా చదవాలి. 1,500 అక్షరాల పేజీలో అది 30 తప్పులు. పేజీలో 200 మాటలుంటే, మాటకొక తప్పు చొప్పున 30 మాటలు చెడినట్టు. ఇద్దరితో విడివిడిగా టైపు చేయించి, తేడాలు సరిచూసిన పేజీలతో పోల్చకపోతే ఆ శాతానికీ విలువ లేదు. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులు కొత్త నెట్‌వర్క్ కట్టే ముందు ఇలాంటి 500 పేజీలు తయారుచేస్తే తెలుగుకు అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

గ్రంథాలయాలు టెండరులో ఈ షరతులు చేర్చాలి: 400 డీపీఐ, చిన్న అచ్చుకు 600, 8-బిట్ గ్రే (256 ఛాయలు), నష్టంలేని టిఫ్ ఫైళ్లు, పలుచని కాగితమైతే వెనక పేజీ అక్షరాలు కనపడకుండా కింద నల్ల అట్ట, అసలు ఫైళ్లు చెరపకుండా గ్రంథాలయానికే అప్పగింత.

– డాక్యుమెంట్ ఇమేజ్ పరిశోధనలో ఉన్న ఒక పాఠకుడు, హైదరాబాద్