24 నుంచి 29న్నరకు: ఉగాది బుకింగుల విషయంలో మీకు చెప్పవలసినది

2024 జనవరిలో ఉగాండాలోని మా కంపాలా దుకాణంలో ఉగాది సరుకు రాయించుకుని సగం సొమ్ము ముందే కట్టిన 112 కుటుంబాలకు, ఆనాడు చీటీ మీద రాసిన ధరకే సరుకు అందుతుంది. ఒక్క షిల్లింగు కూడా అదనంగా తీసుకోను. చింతపండు, పచ్చళ్లు మాత్రం ఏప్రిల్ 6న వస్తాయి. బుకింగు లేని కొనుగోళ్లకు ఏప్రిల్ 10 నుంచి గుంటూరు కారం, చింతపండు, మినపప్పు ధరలు 8 శాతం పెరుగుతాయి.

కారణం, మన సరుకుకు నేను చెల్లించే కెన్యా షిల్లింగు ఒక్కొక్కటి 24 ఉగాండా షిల్లింగుల నుంచి 29న్నరకు పెరగడం. దీన్ని ఇంత వివరంగా రాయడానికి ఒక ప్రశ్న కారణమైంది. "నిరుడు కెన్యా షిల్లింగు పడిపోయినప్పుడు మీరు ధర తగ్గించలేదు, ఇప్పుడు అది లేచిందని ఎలా పెంచుతారు?" అని పోయిన వారం ఏళ్ల నాటి ఖాతాదారు ఒకరు నలుగురి ముందు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, కానీ ఆ మాట నన్ను బాధ పెట్టింది. 2023 జులైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు సోనా మసూరి దొరకడమే గగనమైంది. కెన్యా షిల్లింగు తగ్గడం వల్ల ఇతర సరుకుల మీద నాకు మిగిలినదంతా బియ్యం ధర మీ ఇళ్లకు మరీ భారం కాకుండా చూడడానికే ఖర్చయింది. ఆ సంగతి అప్పుడే చెప్పి ఉండవలసింది.

కంటైనరు నిండా సరుకు తెప్పించే స్తోమత మా వంటి చిన్న దుకాణానికి లేదు. కెన్యా రేవు మొంబాసాలో దిగిన సరుకును నైరోబీ టోకు వ్యాపారి విడదీసి ఇస్తే, అది కెన్యా, ఉగాండాల మధ్య ఉన్న మలాబా సరిహద్దు దాటి మన దగ్గరికి వస్తుంది. అందుకే నా లెక్కల పుస్తకంలో మొదటి గడి ఎప్పుడూ ఒక కెన్యా షిల్లింగుకు ఎన్ని ఉగాండా షిల్లింగులన్నదే. 1966లో తూర్పు ఆఫ్రికా ఉమ్మడి షిల్లింగు స్థానంలో కెన్యా, ఉగాండా, టాంజానియాలకు వేర్వేరు షిల్లింగులు వచ్చినప్పుడు మూడింటి విలువా సమానమే. ఆ తర్వాత ఉగాండా నియంత ఇదీ అమీన్ పాలన, అంతర్యుద్ధాలు ఉగాండా షిల్లింగును ఎంతగా కుంగదీశాయంటే, 1987లో నూరు పాత షిల్లింగులకు ఒక కొత్త షిల్లింగు ఇచ్చి, మార్చుకున్న సొమ్ములో 30 శాతం పన్నుగా పట్టుకోవలసి వచ్చింది. నేను దుకాణం తెరిచిన 2005లో ఈ రేటు 24కు అటూ ఇటూగా ఉండేది. 2015లో 34 దాటింది, 2018లో 36 కూడా దాటింది. తరువాత కెన్యా షిల్లింగు నీరసించి, ఈ జనవరిలో డాలరుకు 160 పలికినప్పుడు, పంతొమ్మిదేళ్ల కిందటి 24 మళ్లీ నా పుస్తకంలోకి వచ్చింది. కంపాలాలోనే 2013లో సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం, అందులో చేరిన తూర్పు ఆఫ్రికా దేశాలకు ఒకే కరెన్సీ రావలసిన సంవత్సరం ఈ 2024. అది 2031కి వాయిదా పడింది.

ఫిబ్రవరిలో పరిస్థితి తారుమారైంది. జూన్‌లో తీర్చవలసిన 200 కోట్ల డాలర్ల అప్పును కెన్యా ఎలా తీరుస్తుందోనని అందరూ భయపడుతుండగా, ఆ దేశం 150 కోట్ల డాలర్ల కొత్త బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి ఆ భయాన్ని తొలగించింది. 18 శాతానికి పైగా వడ్డీ ఇచ్చే దేశీయ బాండ్ల కోసం విదేశీ సొమ్ము నైరోబీకి తరలడంతో కెన్యా షిల్లింగు బలపడింది. మార్చి చివరికి అక్కడ డాలరు 131 కెన్యా షిల్లింగులకు దిగింది. ఇక్కడ అది ఉగాండా షిల్లింగుల్లో 3,800 దగ్గర నుంచి 3,900 వైపు కదిలింది. ఫలితంగా 24 కాస్తా 29న్నర అయింది.

ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. జనవరి చివరి వారంలో ఉగాది సరుకుకు మొత్తం డబ్బు చేతిలో పెట్టుకుని నేను నైరోబీ వ్యాపారికి ఫోను చేశాను. పదకొండేళ్ల పరిచయం మాది. "తొందరేమీ లేదు, సరుకు దిగాక ఇవ్వండి, బిల్లు 24 రేటుకే కడదాం" అన్నారు. నేను నమ్మాను. మార్చిలో 10 లక్షల కెన్యా షిల్లింగుల బిల్లు 29న్నర రేటుకు వచ్చింది: 2 కోట్ల 40 లక్షల ఉగాండా షిల్లింగులు కావలసినది 2 కోట్ల 95 లక్షలు. అడిగితే, ఆ మాట రాతలో లేదు కదా అన్నారు. మన కారం, చింతపండు ఇండియా నుంచి డాలర్లలోనే వస్తాయి కనుక, డాలరు చౌకైనప్పుడు కెన్యా ధర కూడా ఆ మేరకు తగ్గాలి. అలా తగ్గి ఉంటే మన చెల్లింపులో పెద్ద తేడా ఉండేది కాదు. కానీ ఆయన డాలరు 160 ఉన్నప్పటి ధర వేసి, 131 నాటి రేటు కట్టారు. ఖరీదైన డాలరుకు కొన్న పాత సరుకు మీద ఆయనకూ నష్టం ఉంటుందని ఒప్పుకుంటాను. ఆ నష్టం మొత్తాన్ని, తన మాట నమ్మిన మనిషి మీద వేయడం మాత్రం ఒప్పుకోలేను. తర్వాత ఆయన కొంత తగ్గిస్తానని కబురు పెట్టినా, నేను ఇక ఆయన దగ్గర కొనను.

మూడు రాత్రులు ఆలోచించాను. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేసి బుకింగులు రద్దు చేయమని లెక్కలు చూసే అబ్బాయి సలహా ఇచ్చాడు. పండుగ పది రోజుల్లో పెట్టుకుని చేతిలో డబ్బు పెట్టి పంపితే మీరు సరుకు ఎక్కడ వెతుక్కుంటారు? మా ఇంటావిడ మాత్రం, మీరు రేటు చూసి కాక నన్ను చూసి డబ్బు కట్టారని చెప్పింది. దానితో నిర్ణయం అయిపోయింది. ఈస్టరుకు పనివాళ్లకు ఇస్తానన్న బోనసు ముట్టుకోలేదు. కొత్త ఫ్రీజరు కొనడం మానుకుని ఆ 55 లక్షలు నేనే భరిస్తున్నాను. కొలతలో, నాణ్యతలో ఏమీ తగ్గదు.

ఇకపై సరుకు మరొక వ్యాపారి దగ్గర, రాతపూర్వకమైన రేటుతోనే వస్తుంది, ఆ రేటు మీ బిల్లు మీద కూడా ఉంటుంది. డాలరు 131 ఉన్నప్పటి ధరకు వచ్చే కొత్త సరుకు అందాక పెంచిన 8 శాతంలో తగ్గించగలిగినంత తగ్గిస్తాను. ఏప్రిల్ 6, 7 తేదీల్లో రాత్రి 9 గంటల వరకు దుకాణం తెరిచి ఉంటుంది. బుకింగు చీటీ పోగొట్టుకున్నవారు కంగారు పడనవసరం లేదు, పేరు చెబితే చాలు. ప్రతి బుకింగూ నా పుస్తకంలో రాసి ఉంది.