మన కత్తుల సేకరణ సంఘం వార్షిక నివేదిక: కొత్త సభ్యుల కోసం గడిపిన సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మనం ప్రధానంగా ఒక్క తీర్మానమే చేసుకున్నాం. ఈ ఏడాది మన శ్రద్ధంతా కొత్తగా వచ్చేవాళ్ల మీదే పెట్టాలని. అంతకు ముందు మన సమావేశాలకు కొత్తవాళ్లు రాకపోలేదు. వచ్చేవాళ్లు, బల్ల మీద పరిచిన కత్తులు చూసేవాళ్లు, ధరలు వినేవాళ్లు, ఆ తర్వాత మళ్లీ కనిపించేవాళ్లు కాదు. కొందరికి ఖర్చు భయం. కొందరికి ఇంట్లోవాళ్లు ఏమంటారోనన్న టెన్షన్. చాలామందికి పోలీసుల భయం. ఈ భయాలు తీర్చడానికే ఈ సంవత్సరం పనిచేశాం కాబట్టి, నివేదికలో కూడా ఆ సంగతే ఎక్కువగా ఉంటుంది.

ఇంట్లో కత్తితో మొదలు

కొత్తగా వచ్చేవారికి ఈసారి ఒక షరతు పెట్టాం. మొదటి సమావేశానికి ఏమీ కొనుక్కొని రావద్దు, ఇంట్లో మూలన పడి ఉన్న పాత కత్తి ఒకటి తీసుకొని రావాలి. తుప్పు పట్టినా సరే, పిడి ఊడినా సరే. హనుమకొండలో మన సభ్యుడి ఇంటి హాల్లో ఆ బల్ల మీదికి వచ్చినవి చూస్తే ఓరుగల్లు చుట్టుపక్కల బతుకంతా అక్కడే కనిపించింది. ఈలపీటలు, కొడవళ్లు, అడకత్తెరలు వచ్చాయి. తాత గడ్డం గీసుకున్న మంగలికత్తి డబ్బాతో సహా వచ్చింది. జనగామ వైపు నుంచి ఒకాయన కల్లు గీసే గీతకత్తి తెచ్చాడు. చెప్పులు కుట్టిన ఇంటి నుంచి ఒక కుర్రాడు వాళ్ల బాపు వాడిన రంపె తెచ్చి, బల్ల మీద పెట్టడానికి మొదట మొహమాటపడ్డాడు. తోలును అంత పలచగా చెక్కాలంటే అంచు ఎట్లా ఉండాలో అందరికీ చూపించమని మనమే అడిగాం. ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడింది ఆ కుర్రాడే.

సేకరణ అంటే ఖరీదైన వస్తువులు పోగుచేసుకోవడం కాదన్నది నా గట్టి నమ్మకం. చేతిలో ఉన్న కత్తిని ఎవరు చేశారు, ఏ లోహంతో చేశారు, ఏ పనికి చేశారు అని అడగడం అలవాటైన రోజే మనిషి సేకర్త అవుతాడు. ఈ ప్రశ్నలు అడగడానికి పైసా ఖర్చు లేదు.

కాజీపేట నుంచి వచ్చిన ఒక యువతి తెచ్చిన ఈలపీట గురించి ఇక్కడ వివరంగా రాయాలి. అది వాళ్ల అమ్మమ్మది. కూర్చొని కాలితో పీటను తొక్కిపట్టి, రెండు చేతులతో కూరగాయను అంచు మీదికి నెట్టే మామూలు ఈలపీట, కొసన కొబ్బరి కోరు. ఏళ్ల తరబడి నూరీ నూరీ అలుగు, అంటే కోసే రేకు, నడుమ భాగం అరిగి లోపలికి వంగింది. మన సంఘానికి మొదటి నుంచీ అండగా ఉన్న కమ్మరి తాత దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి, అంచుకు కొంచెం పైన వేలితో ఒక గీత చూపించాడు. "ఇది ఒక్క ముక్క కాదు బిడ్డా. ఇనుముకు ఉక్కు అతికించి చేసిండ్రు" అన్నాడు. తుప్పు గీకి చూస్తే నిజమే. గీతకు పైన మెత్తటి ఇనుము ఒక రంగులో, కింద కోసే అంచు మరో రంగులో కనిపించాయి. ఉక్కు ఖరీదైన రోజుల్లో కోసే అంచుకు మాత్రమే దాన్ని వాడి, మిగతా ఒళ్లంతా ఇనుముతో చేసేవారు. రెండింటినీ కొలిమిలో తెల్లటి వేడికి తెచ్చి సమ్మెటతో కొట్టి కలపాలి. వేడి తక్కువైతే అతుకు పడదు, ఎక్కువైతే ఉక్కు మాడిపోతుంది. రోజూ వంకాయలు కోసిన పీటలో అంత పనితనం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ఇప్పుడు మన సభ్యురాలు. చుట్టుపక్కల ఊళ్లలోని ఈలపీటలను ఫొటోలు తీసి, చేసిన కమ్మరి పేరు దొరికితే పేరుతో సహా రాసి పెడుతోంది. ఆమె డబ్బు పెట్టి కొన్నవి చాలా తక్కువ. నా లెక్కలో ఈ ఏడాది మన సంఘంలో జరిగిన మంచి సేకరణ అదే.

నూరడం, కొట్టడం

రెండో సమావేశంలో నూరడం నేర్పాం. మొదట గరుకైన 400 నంబరు రాయి, తర్వాత నున్నటి 1000 నంబరు రాయి. వంటింటి కత్తిని ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టుకోవాలని నోటితో చెబితే ఎవరికీ పట్టుబడదు. అందుకే రాయి మీద కత్తి వీపు కింద ఆ వాలుకు సరిపడా రూపాయి బిళ్లలు పేర్చి, ఆ ఎత్తు చేతికి అలవాటయ్యేదాకా ఉంచి తీసేశాం. ఒకవైపు సరిగ్గా నూరితే అవతలి వైపు అంచు పొడవునా సన్నటి గరుకు లేస్తుంది. బొటనవేలిని అంచు నుంచి బయటికి జరిపితే అది తగులుతుంది. ఆ గరుకు తగిలాకే రెండో వైపు తిప్పాలి. చాలామంది అది రాకముందే తిప్పేసి, గంటసేపు నూరినా పదును రాలేదంటారు. గరుకు తగిలిన క్షణంలో కొత్తవాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు చూడడం కోసమైనా పాత సభ్యులు ఈ తరగతులకు రావాలని కోరుతున్నాను.

కరెంటు గ్రైండింగ్ చక్రం జోలికి పోవద్దని అందరికీ చెప్పాం. చక్రం రాపిడికి అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, మళ్లీ ఎంత నూరినా పదును నిలవదు. వీధిలో సైకిల్ తొక్కుతూ సాన పట్టేవారి చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దానితో ఆ ప్రమాదం బాగా తక్కువ.

కమ్మరి తాత కొలిమి దగ్గరికి కొత్తవాళ్లను జట్లుగా తీసుకెళ్లాం. లారీ కమాన్ పట్టీ (చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీ) ముక్కతో ఆయన చిన్న కత్తి ఒకటి మొదలు నుంచి చివరిదాకా చేసి చూపించాడు. కమాన్ పట్టీలో కార్బన్ అర శాతం, అంతకు కాస్త పైన ఉంటుంది. మామూలు ఇనుప చువ్వలో అంతలో సగం కూడా ఉండదు కాబట్టి దాన్ని కాల్చి నూనెలో ఎంత ముంచినా గట్టిపడదు. ఎర్రగా కాలిన అలుగుకు ఆయన అయస్కాంతం ఆనించి చూశాడు. అంటుకోవడం మానేసిందంటే దాదాపు 770 డిగ్రీలు దాటినట్టు. ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచాడు. చల్లారాక ఆకురాయి పెట్టి లాగితే, పట్టుకోకుండా గాజు మీద జారినట్టు జారింది. ఆ స్థితిలో కత్తి గట్టిగానే ఉంటుంది గానీ కింద పడితే విరుగుతుంది. అందుకే మళ్లీ చిన్న సెగ మీద, మెరుస్తున్న లోహం లేత గడ్డి రంగుకు వచ్చేదాకా వెచ్చబెట్టాడు. ఆ రంగు వచ్చిందంటే సుమారు 200 డిగ్రీలు దాటిందని లెక్క. థర్మామీటరు లేకుండా రంగు చూసి చెప్పే ఈ విద్య మన ఊళ్లలో కొద్దిమంది చేతుల్లోనే మిగిలింది. ఆయన రోజు కూలి పోగొట్టుకొని మనకు నేర్పుతున్నాడు. ఇకముందు ఆయనకు సంఘం నుంచి తప్పకుండా గౌరవ వేతనం ఇవ్వాలని కార్యవర్గం తరఫున అడుగుతున్నాను.

కోనసముద్రం

కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వెళ్లొచ్చాం. కొత్త సభ్యుల్లో సగం మందికి ఆ ఊరి పేరే తెలియదు. అలుగు మీద అలల్లాంటి గీతలుండే, ప్రపంచమంతా డమాస్కస్ కత్తులని గొప్పగా చెప్పుకునే వాటికి ఉక్కు ముద్దలు పంపిన ఊళ్లలో అదొకటి. ఆంగ్లేయుల కాలంలో ఈ దేశపు భూమిని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిన వివరణ, ఆయన చనిపోయిన తర్వాత 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మట్టి మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో పెట్టి, మూత బిగించి, రాత్రింబవళ్లు కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారని అందులో ఉంది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్లోనే మకాం వేసి ఉక్కు కొనుక్కుపోయేవాడని కూడా ఉంది. ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం, అంటే కమాన్ పట్టీకి రెండింతలు పైనే. దాన్ని కొట్టి సాగదీయడం ఎంత కష్టమో కొలిమి దగ్గర నిలబడి చూసినవాళ్లకు వెంటనే అర్థమైంది.

పొలాల గట్ల మీద నల్లటి చిట్టెం (లోహం కరిగించగా మిగిలిన మడ్డి) పెళ్లలు, మూస ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక మూస ముక్క లోపలి గోడ గాజులా కరిగి మెరుస్తోంది. కొందరు పిల్లలు జ్ఞాపకంగా ఒకటి తెచ్చుకుంటామన్నారు. వద్దన్నాం. ఫొటో తీసుకొని, ఎక్కడిది అక్కడే పెట్టి వచ్చాం. పరిశోధకులకు ఆ ముక్క ఎంత ముఖ్యమో, అది పడి ఉన్న చోటు కూడా అంతే ముఖ్యం. సేకరించకుండా వదిలేయాల్సినవి కూడా ఉంటాయని కొత్తవాళ్లు మొదటి ఏడాదే నేర్చుకోవడం మంచిదైంది.

కొనేటప్పుడు

ఈ ప్రయాణం తర్వాతే "డమాస్కస్" అమ్మకాల గురించి మాట్లాడుకోవడానికి సరైన సందర్భం వచ్చింది. కొత్త సభ్యుడొకరు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర మంచి ధర పెట్టి గీతల కత్తి కొన్నాడు. రెండుసార్లు నూరేసరికి అంచు దగ్గర గీతలు మాయమయ్యాయి, తిరిగి రాలేదు. అది పైపైన ముద్రించిన బొమ్మ. తిరిగి తీసుకోమంటే జవాబు లేదు. కాబట్టి అందరూ గుర్తుంచుకోవాల్సింది: పాత మూస ఉక్కులో గీతలు ముద్దలోంచే పుడతాయి. లోహంలో వెనేడియం లాంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండడం వల్ల ఆ గీతలు వరుసలు కడతాయని లోహ శాస్త్రవేత్త వెర్‌హోవెన్, కత్తులు చేసే కమ్మరి పెండ్రే 1990లలో చేసిన పరిశోధనలు చూపించాయి. ఇప్పుడు మార్కెట్లో దొరికేది రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, ఆమ్లంతో గీతలు తేల్చింది. అది కూడా నిజాయితీగల పనే, కాకపోతే వేరే పని. అందులో గీతలు కత్తి వీపు మీద కూడా కొనసాగుతాయి. వీపు నున్నగా ఉండి పక్కల మాత్రమే బొమ్మ ఉంటే డబ్బు పెట్టకండి.

విదేశీ కత్తుల మీద మోజు ఉన్నవారికి ముందు చవకైన, నమ్మకమైన వాటినే చూపించాం. ఫ్రాన్స్‌లో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ అందులో ఒకటి. దాని 8వ నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మడత దగ్గర తిరిగే ఉంగరం లాంటి తాళం 1955లో చేరింది. ఎంత తక్కువ భాగాలతో ఎంత పక్కాగా పనిచేస్తుందో పిల్లలకు విప్పి చూపించడానికి అంతకంటే మంచిది లేదు.

దంతం పిడులు, దుప్పి కొమ్ము పిడులు ఎంత పాతవని చెప్పినా కొనవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇబ్బందుల్లో పడతారు. నూరేళ్లు దాటిన కత్తులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. వాటిని దేశం బయటికి పంపకూడదు. మన దగ్గర అలాంటివి ఉన్న పెద్దలు నమోదు సంగతి పురావస్తు శాఖ వారిని అడిగి తేల్చుకోవాలి.

చట్టం గురించి

ఎక్కువమంది అడిగింది ఇదే కాబట్టి, ఒక న్యాయవాదిని పిలిచి సాయంత్రమంతా ప్రశ్నలడిగాం. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, ఇప్పుడున్న నియమాలు 2016వి. తొమ్మిది అంగుళాల కంటే పొడవైన, లేదా రెండంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు ఆ నియమాల ప్రకారం ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటి ఆయుధాలకు లైసెన్సు కావాలి. మన సంఘం నియమం దీనికంటే గట్టిగా ఉండాలని నిర్ణయించాం. ఆ కొలత దాటిన పోరు కత్తులు సమావేశాలకు తేకూడదు. తెచ్చే ప్రతి కత్తీ ఒరలో లేదా గుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టుకొని రావాలి. కత్తి పట్టుకొని ఫోజులిచ్చే ఫొటోలు, రీల్స్ వద్దే వద్దు. తల్వార్‌తో కేకు కోసిన వీడియోల మీద కేసులైన వార్తలు మీరంతా చూస్తున్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివారు తల్లిదండ్రుల్లో ఒకరితో రావాలి. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాలి, అవతలివారు అక్కడి నుంచి తీసుకోవాలి. మన ఇళ్లలో పెద్దలు చెప్పే పద్ధతే ఇక్కడ భద్రతకూ సరిపోయింది.

వానాకాలం ముందు కత్తులను భద్రపరచడం మీద చిన్న తరగతి జరిగింది. తోలు ఒరలో నెలల తరబడి ఉంచితే తోలులోని తేమకు అలుగు తుప్పు పడుతుంది, ఇత్తడి పిడి మీద పచ్చటి చిలుము పుడుతుంది. ఒర వేరుగా, కత్తి వేరుగా పెట్టండి. పూయడానికి కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటవుతుంది. పాత అలుగు మీది మసకను మాత్రం మెరుగుపెట్టి తీసేయకండి.

జమాఖర్చుల పత్రం ఈ నివేదికతో పాటే పంచుతున్నాం. ఆడిట్ అయింది, అప్పులేమీ లేవు.

సర్వసభ్య సమావేశం ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, కమ్మరి తాతకు గౌరవ వేతనం. రెండు, కొత్త సభ్యులకు మొదటి ఏడాది చందా మాఫీ చేసి, బదులుగా ఒక్కొక్కరూ తమ ఊరి కమ్మరి గురించి ఒక పేజీ రాసి ఇవ్వడం. రెండింటికీ కార్యవర్గం మద్దతు ఉంది. ఓటు వేయడానికి అందరూ రావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో నూరాల్సిన కత్తి ఉంటే తెచ్చుకోండి. రాళ్లు, నీళ్లు సిద్ధంగా ఉంటాయి, కొత్త సభ్యులే నూరి ఇస్తారు.

కార్యదర్శి